బుక్‌పోస్టులో వచ్చిన చదువు

మొన్న ఒక పెళ్ళిలో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, నేనూ ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివానని ఎవరో అంటుంటే విని, కుర్చీ నా వైపు తిప్పుకుని మరీ అడిగారు.

"ఏ బ్యాచ్ అండీ మీరు? ఏ హాస్టల్?"

"కరస్పాండెన్స్ అండీ" అన్నాను.

"ఓ... అలాగా" అన్నారాయన. ఆ "ఓ"కీ "అలాగా"కీ మధ్య ఉండే సందు నాకు నలభై ఏళ్ళుగా బాగా తెలుసు. తర్వాత ఆయన తన హాస్టల్ గది గురించి, సాయంత్రాలు బీచ్‌రోడ్డు మీద చేసిన షికార్ల గురించి, యూనివర్సిటీ నూరేళ్ళ పండగ గురించి చాలాసేపు చెప్పారు. మంచి మనిషే, బాగా చెప్పారు కూడా. నేను విన్నాను. చెప్పుకోవడానికి నాకూ ఉంది. కాకపోతే నేను మొదలుపెడితే మా అత్త దగ్గర మొదలుపెట్టాలి. బంతి భోజనాలకి పిలుపు వచ్చేలోపు అది తెమిలే కథ కాదు.

1983లో మాది నౌపడ రైల్వే క్వార్టర్. ఒకవైపు కనుచూపు మేర ఉప్పు మళ్ళు, ఇంకోవైపు గుణుపురం వెళ్ళే చిన్న రైలు పట్టాలు. మా ఆయన స్టేషన్లో బుకింగ్ క్లర్కు. ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలోనే నాకు పెళ్ళయింది. ఆ పరీక్ష పాసయ్యానన్న కబురు అత్తారింట్లో ఉండగా తెలిసింది. ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, నాతో సహా. తర్వాత బాబు పుట్టాడు. వాడికి మూడేళ్ళు నిండుతున్న రోజుల్లో రిలీవింగ్ డ్యూటీకి ఒక ఏఎస్సెమ్, అంటే అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ గారు వచ్చారు. బండికీ బండికీ మధ్య ఆయన ఏవో పల్చటి పుస్తకాలు చదువుకుంటుంటే మా ఆయన చూసి అడిగారట. బీకాం పాఠాలు. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు పోస్టులో పంపిస్తారు, 1972 నుంచీ పంపిస్తున్నారు, ఎంతమంది మేష్టర్లూ గుమాస్తాలూ అలాగే డిగ్రీ చేసుకున్నారు అని ఆయన చెప్పారు. హైదరాబాదులో అప్పుడే కొత్తగా ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు కానీ, మా ఉత్తరాంధ్ర వాళ్ళకి యూనివర్సిటీ అంటే విశాఖలోని వాల్తేరే.

మా ఆయన ఆ పుస్తకాల్లో ఒకటి ఇంటికి పట్టుకొచ్చి, "నువ్వూ కట్టకూడదూ?" అన్నారు. అదేదో చీటీపాట కట్టమన్నట్టు అన్నారు. ఆ మాటని అంత తేలిగ్గా అన్నందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. బరువుగా అని ఉంటే భయపడేదాన్ని.

బీఏ. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. ఎచ్చెర్లలో అదే యూనివర్సిటీ వాళ్ళ పీజీ సెంటరు అప్పటికి ఆరేళ్ళుగా నడుస్తోంది. నౌపడ నుంచి వాల్తేరు కన్నా ఎంతో దగ్గర. కానీ డిగ్రీ లేనిదానికి ఎచ్చెర్ల దగ్గరైతే ఏం, ఢిల్లీ దగ్గరైతే ఏం?

మొదటి కట్ట వచ్చిన రోజు బాగా గుర్తు. బుక్‌పోస్టుకి మూతి అంటించకూడదు. పురికొస కట్టిన గోధుమరంగు కాగితం, చివర్లు తెరిచి ఉండేవి. నేను నూతి దగ్గర ఉన్నాను. మా అత్త ఆ సందులోంచి లోపలికి చూసి, "ఓలమ్మ, పాములే!" అని కేక పెట్టింది. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, పుస్తకం అట్ట మీద యూనివర్సిటీ చిహ్నం. ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, స్వస్తిక, అటూ ఇటూ రెండు పాములు. కింద సంస్కృతంలో ఒక ముక్క.

"ఏటే, సదువు మీద పాములేటి?" అంది.

నాకూ తెలీదు. "కనుక్కుంటాలే అత్తా" అన్నాను. ఆవిడ అక్షరం ముక్క రాని మనిషి. కానీ తెలీని సంగతి ఏదైనా ఉంటే తేలేదాకా వదిలే రకం కాదు. ప్రతి కట్టకీ అదే ప్రశ్న. ప్రతి కట్టకీ నాదదే జవాబు. మూడు కట్టలకి నా పరువు పోయింది.

చదువు రాత్రిపూట సాగేది. పిల్లాడు పడుకున్నాక, మా ఆయన నైట్‌డ్యూటీకి వెళ్ళాక, పడకగది గుమ్మంలో కూర్చునేదాన్ని. గట్టిగా చదివితే తప్ప నాకు బుర్రకెక్కదు. మా అత్త నడవలో మంచం మీద అటు తిరిగి పడుకుని ఉండేది. నిద్రపోతోందనుకునేదాన్ని. ఓ రాత్రి అశోకుడి కళింగ యుద్ధం చదివి ఆపేస్తే చీకట్లోంచి అడిగింది, "మరి ఆ సచ్చిపోయినోళ్ళ పెళ్ళాం బిడ్డలేటయ్యారు?" అని. పాఠంలో అది లేదు. మాదిరి ప్రశ్నల్లోనూ లేదు.

1984 వేసవిలో కాంటాక్ట్ క్లాసులకి వాల్తేరు పిలిచారు. దొండపర్తి రైల్వే క్వార్టర్స్‌లో మా ఆడపడుచు ఉంది, పాస్ ఉంది, ఇబ్బందేం లేదు. పిల్లాడిని చూసుకోవడానికి అత్త బయల్దేరింది. అసలు ఏర్పాటు ఏమిటంటే, నేను క్లాసుకి వెళ్తే వాళ్ళిద్దరూ ఆడపడుచు ఇంట్లో ఉండాలి. కానీ ఆ తల్లీకూతుళ్ళకి రెండో రోజుకే చెడింది. చారులో బెల్లం దగ్గర మొదలై ఎక్కడికో వెళ్ళింది. మూడో రోజు పొద్దున్నే అత్త చీర మార్చుకుని, పిల్లాడికి జుట్టు దువ్వి, గుమ్మంలో నిలబడింది. "పద, నానూ వస్తాను నీ బడికి."

ఆ కంగారులో దిగాల్సిన గేటు వదిలేసి ఇంకో గేటు దగ్గర బస్సు దిగాం. అక్కడ ఇన్‌గేటు వేరు, అవుట్‌గేటు వేరు. ఎండలో పిల్లాణ్ణి మార్చి మార్చి ఎత్తుకుంటూ ఎక్కీ దిగీ నడిచాం. మర్రిచెట్లూ రాతి కట్టడాలూ దాటుకుంటూ పోతుంటే మధ్యలో ఎక్కడో ఒక ఎత్తు మీంచి, చెట్ల సందున ఒక్కసారిగా సముద్రం కనబడింది. మాకు సముద్రం కొత్తేం కాదు. కానీ మా సముద్రాన్ని మళ్ళలోకి మళ్ళించి ఎండబెడతారు. ఇది ఏ పనీ లేకుండా, ఎవరికీ ఏమీ కాకుండా, అలా వెడల్పుగా పడి ఉంది.

"ఎల్లడానికో గేటు, రాడానికో గేటు. ఇది బడా, జమీనా?" అని మా అత్త.

దారిలో ఒక కుర్రాణ్ణి అడ్రసు అడిగితే, తను ఓషనోగ్రఫీ చదువుతున్నానని, ఆ పక్కకే వెళ్తున్నానని చెప్పి మమ్మల్ని దింపి వెళ్ళాడు. ఓషనోగ్రఫీ అంటే ఏంటని అత్త అడిగితే సముద్రం గురించి చదువు అన్నాను. ఆవిడ ఆగిపోయింది. "సముద్రాన్ని గూడా సదువుతారేటే? అలాగైతే మన ఉప్పుమళ్ళోళ్ళని అడగరాదా!" ఆ కుర్రాడు ఎక్కడున్నాడో గానీ, ఆ మాట విని ఉంటే బాగుండేది.

క్లాసులో మేం ఎంతమందిమో లెక్క పెట్టలేదు కానీ, ఆ హాలంత చిత్రమైన గుంపుని నేను మళ్ళీ చూడలేదు. యూనిఫాం మీదే వచ్చేసిన కండక్టరు, నైట్‌డ్యూటీ దిగి వచ్చి మూడో వరసలో కునుకుతీసే నర్సు, రిటైరవడానికి రెండేళ్ళున్న ఎలిమెంటరీ స్కూలు మేష్టారు, సెలవు మీద వచ్చిన సిపాయి. ఎవరికీ ఎవరితోనూ పోటీ లేదు. నోట్సు అడిగితే ఇచ్చేసేవాళ్ళు. అందరి పుస్తకాల మీదా ఇంటి మరకలు, పసుపో ఇంజనాయిలో పాలో.

మాకు హిస్టరీ చెప్పిన లెక్చరర్ గారు సన్నగా, గొంతు మాత్రం పెద్దగా ఉండేవారు. మొదటి రోజు పాఠం ఎత్తకుండా యూనివర్సిటీ కథ చెప్పారు. అది 1926లో పుట్టింది వాల్తేరులో కాదు, బెజవాడలో. 1930లో ఇక్కడికి వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ఆ ఏడే ప్రభుత్వ దమనకాండకి నిరసనగా రాజీనామా ఇచ్చేశారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఐదేళ్ళు నడిపారు. 1936లో మళ్ళీ కట్టమంచి వారే వచ్చారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు పోయింది. యుద్ధం అయ్యాక గానీ తిరిగి రాలేదు.

"కాబట్టి దూరాన ఉండి చదువుకోవడం మీకే కాదు, మీ యూనివర్సిటీకీ అలవాటే" అని నవ్వించారు. మా అందరికీ ఎక్కడో ఉన్న ముడి కొంచెం వదులైనట్టయింది. రెగ్యులర్ వాళ్ళ వరండాల్లో నడిచేటప్పుడు మేం గోడవారగా నడిచేవాళ్ళం. ఎవరూ నడవమనలేదు, మేమే నడిచేవాళ్ళం.

మా అత్త పిల్లాడితో బయట చెట్టు కింద కూర్చునేది. వాడు పడుకుంటే వరండాలోకి, ఎండ మళ్ళితే గుమ్మం దగ్గరికి. ఐదో రోజుకి ఆఖరి బెంచీ చివర్న చేరింది. లెక్చరర్ గారు చూశారు, ఏమీ అనలేదు. నాకు మాత్రం వీపంతా చెమట.

ఆ రోజు పాఠం తూర్పు గాంగులు, కళింగని ఏలిన రాజులు. కళింగనగరం వాళ్ళ రాజధాని అనీ, అదెక్కడుందో చాలాకాలం పండితులకి తేలలేదనీ, శాసనాలు చదివి అది మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమేనని తేల్చింది గిడుగు రామమూర్తి పంతులనీ చెబుతున్నారు. వెనకనుంచి గొంతు.

"బావూ, తప్పయితే సెమించు. ముకలింగం మా కన్నోరి ఊరి పక్కదే."

హాలంతా వెనక్కి తిరిగింది. నేను మాత్రం తిరగలేదు. నేల చీలితే దిగిపోదామని చూస్తున్నాను.

"అలాగా అమ్మా! అయితే మీరే చెప్పండి" అన్నారాయన. చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు కూడా.

ఆవిడ లేచి నిలబడలేదు, ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. కూర్చునే చెప్పింది. ఆ లింగం ఎవరూ చెక్కింది కాదు, ఇప్పచెట్టు మొద్దు. సవరలని కొండజాతి వాళ్ళు, వాళ్ళ దొరకి ఇద్దరు పెళ్ళాలు. చెట్టుకి రెండు కొమ్మలు, ఒకామెకి ఒకటి, రెండో ఆమెకి ఒకటి. ఒకామె కొమ్మ నుంచి బంగారు పువ్వులు రాలేవి, రెండో ఆమెకి వట్టి ఇప్పపువ్వులు. ఇంట్లో ఒకటే జగడం. విసుగెత్తి దొర గొడ్డలెత్తి చెట్టు నరికితే మొద్దులోంచి శివుడు కనబడ్డాడు. అందుకే ఆయన మధుకేశ్వరుడు. లింగం వెనక మనిషి దూరేంత గోలెం ఒకటుంది, దానికింకో కథ, కుమ్మరోడిది. అదీ చెప్పేసింది. సవర దొర దగ్గర గొంతు పెంచింది, పెళ్ళాల జగడం దగ్గర రెండు గొంతులు పెట్టింది. నర్సు నిద్ర లేచింది.

ఆయన ఆసాంతం విన్నారు. అప్పుడు బోర్డు వైపు తిరిగి మధుకం అంటే సంస్కృతంలో ఇప్పచెట్టని రాశారు. కథలో సవరలు ఉన్నారు చూడండి, రాజుల శాసనాల్లో కనబడని మనుషులు కథల్లో దాక్కుంటారు, చరిత్ర రాసేవాడు రెండూ వినాలి అన్నారు. గిడుగు వారు సవరల మాట నేర్చుకుని, దానికి నిఘంటువు రాసిందీ అందుకే అన్నారు. ఇంకా చెప్పారు. ఆ గిడుగు వారు మెట్రిక్ అవగానే పర్లాకిమిడిలో మేష్టరు ఉద్యోగంలో చేరిపోయారు, కాలేజీకి పోయే వీలు లేక ఎఫ్ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది), బీఏ రెండూ ప్రైవేటుగా కూర్చుని పాసయ్యారు, అప్పట్లో పోస్టులో పాఠాలు పంపేవాళ్ళు కూడా లేరు. 1938లో ఇదే యూనివర్సిటీ ఆయనకి కళాప్రపూర్ణ అనే గౌరవ పట్టా ఇచ్చింది.

పర్లాకిమిడి! మా క్వార్టర్ ముందునుంచి పోయే చిన్న రైలు అక్కడికే పోతుంది. నేను రోజూ ఆ రైలు కూతకి పాఠం ఆపి మళ్ళీ ఎత్తుకునేదాన్ని. ఆ సాయంత్రం దాకా గిడుగు అంటే నాకు వాడుకభాష మీద వచ్చే ఐదు మార్కుల ప్రశ్న, అంతే.

క్లాసు అయ్యాక అత్త నా కోసం ఆగలేదు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "బావూ, మరి ఆ పాములేటి?" అని అడిగేసింది. ఆయనకి అర్థం కాలేదు, నేను అట్ట చూపించాను. అందులో పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్ళకీ, కాపాడేవాళ్ళకీ గుర్తు అని చెప్పారు. కింది ముక్క "తేజస్వి నావధీతమస్తు", మన ఇద్దరి చదువూ వెలుగుతో నిండాలి అని అర్థం. చెప్పేవాడూ వినేవాడూ కలిసి చేసే ప్రార్థన అట. మా అత్తకి ప్రార్థన సంగతి పట్టలేదు, పాముల సంగతే పట్టింది. బస్సులో చాలాసేపు ఆలోచించి, "ఎతికేది నువ్వు. కాపలా ఉన్నది నాను" అని తేల్చేసింది. పిల్లాణ్ణి చూపిస్తూ అందో, ఇంకేదన్నా మనసులో పెట్టుకుని అందో నాకు తెలియలేదు.

ఆదివారం సింహాచలం వెళ్ళాం. మామూలుగా అయితే అప్పన్న దర్శనం, కప్పస్తంభం కౌగిలి, ప్రసాదం, దిగిరావడం. ఈసారి ఆవిడ గుడిలో గోడగోడకీ ఆగింది. రాతి మీద చెక్కిన రాత కనబడితే చాలు, వేలితో తడుముతూ, "ఇది గాంగులోళ్ళదేనా? సదువు" అనేది. నాకు ఆ లిపి రాదు. అక్కడ వందల శాసనాలున్నాయి. బీఏ చదువుతున్న కోడలు ఒక్కటీ చదవలేకపోయిందని నౌపడలో చాలా మందికి చెప్పింది.

రెండో ఏడు ఎకనామిక్స్ పేపరు ఒకటి తప్పాను. తప్పు నాదే. ద్రవ్యం, బ్యాంకింగు రావులే అనుకుని రెండు పాఠాలు వదిలేశాను, పేపరు నిండా అవే. శ్రీకాకుళం సెంటర్లో రాసి బయటికొస్తూనే తెలిసిపోయింది. ఇంటికొచ్చి ఇక మానేస్తానన్నాను. మా ఆయన ఏమీ అనలేదు. అత్త చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "వానొచ్చి ఒక మడి ఉప్పు కరిగిపోతే, కడమ మళ్ళు ఒగ్గేత్తారేటి?" అంది. తర్వాతి ఏడు ఆ పేపరు మళ్ళీ కట్టాను. ద్రవ్యం, బ్యాంకింగు ఆ ఏడు రాలేదు, అది వేరే సంగతి.

ఆ మూడేళ్ళూ వేసవి వచ్చిందంటే మాకు వాల్తేరే. పిల్లాడు బళ్ళో పడ్డాడు, సెలవుల్లో మేనత్త పిల్లలతో ఆడుకునే వయసొచ్చింది, వాడికిక కాపలా అక్కర్లేదు. అయినా పొద్దున్నే అత్త చీర మార్చుకుని నిలబడేది. "గుంటడికి కాదే, నాకు." మూడో ఏడు నాతోపాటు లైబ్రరీలోకి కూడా వచ్చింది. డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ. ఆయన యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. నాకైతే లోపలికి అడుగు పెట్టాలంటే రెండేళ్ళు పట్టింది. అంత నిశ్శబ్దంలో నా చెప్పుల చప్పుడుకి నాకే సిగ్గేసేది. ఆవిడ చెప్పులు గుమ్మంలో విప్పేసి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళి, ఒక బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా ఎవరో వదిలేసిన లావుపాటి పుస్తకం తెరిచి పెట్టుకుంది. నేను రాసుకున్నంతసేపూ ఆ పేజీ తిప్పలేదు. అది ఇంగ్లీషు పుస్తకమని నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా మారాయి. నేను దిగిన వాల్తేరు స్టేషను 1987లో విశాఖపట్నం అయింది. చిన్న రైలు 2004లో ఆగిపోయి పెద్ద పట్టాల రైలయింది. గుంటూరు సెంటరు ఎప్పుడో 1976లోనే నాగార్జున యూనివర్సిటీగా వేరుపడింది. 2008లో మా ఎచ్చెర్లా అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. మా అత్త ఉంటే, ఎదిగిన పిల్లల్ని వేరు కాపరం పెట్టించినట్టుంది అనేది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఒకసారి వెళ్ళాను. చెట్లు కూలి క్యాంపస్ అంతా బోసిగా, ఎక్కడ నిలబడినా సముద్రం కనిపించేసేంత బోసిగా ఉంది. ఆవిడ కూర్చున్న చెట్టు ఏదో పోల్చుకోలేకపోయాను. ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

డిగ్రీ కూడా పోస్టులోనే వచ్చింది. కాన్వొకేషన్‌కి వెళ్ళలేదు, అప్పుడు రెండోది కడుపులో ఉంది. నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన పూట వచ్చిందది. రిజిస్టరు పోస్టు, సంతకం కావాలి. అత్త వేలిముద్ర వేసి తీసుకుందట. నేను వచ్చేసరికి నడవలో చాప పరిచి, దాని మీద డిగ్రీ విప్పి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు ఉప్పురాళ్ళు పెట్టి కూర్చుని ఉంది. పక్కన పోస్ట్‌మ్యాన్ ఇంకా ఉన్నాడు. నా పేరు, మా నాన్న పేరు, క్లాసు, అన్నీ రెండుసార్లు చదివించుకుందని చెప్పి నవ్వాడు.

నన్ను చూసి ఆవిడ నవ్వలేదు. వేలు పెట్టి చూపించింది.

"సూడు. పాములు రెండూ ఉన్నాయి. అసలుదే."